కార్డు అప్పు తీర్చడానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా? కొత్త అప్పు లేకుండా బయటపడే దారి ఉందా?

మియాపూర్ వాసి

అందరికీ నమస్కారం. సూటిగా విషయానికొస్తాను. మూడు క్రెడిట్ కార్డుల మీద కలిపి 3,90,000 బాకీ ఉంది. ఒకదాని మీద 1,90,000, రెండో దాని మీద 1,40,000, మూడో దాని మీద 60,000. అమ్మ ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ సగమే వచ్చింది, మిగతాదంతా కార్డుల మీద గీకాల్సి వచ్చింది.

చేతికొచ్చే జీతం 52,000. ఇంటి అద్దె 14,000, పాప స్కూలుకు నెలకు 6,000, చిట్టీ 5,000, మూడు కార్డుల మినిమం డ్యూ (నెలకు తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) 19,500. మిగిలేది 7,500. దాంతో నలుగురం నెలంతా గడవాలి. పదో తారీఖు దాటిందంటే మళ్లీ సరుకులకు కార్డే దిక్కు.

మా బావ "4 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని మూడూ ఒకేసారి కట్టెయ్, ఒక్క ఈఎంఐతో పోతుంది" అంటున్నాడు. ఆఫీసులో ఒకాయన "కట్టడం ఆపెయ్, ఆర్నెల్లకు వాళ్లే సగానికి సెటిల్ చేస్తారు" అంటున్నాడు. నాకు ఇంకో అప్పు చేయాలని లేదు, ఎగ్గొట్టాలనీ లేదు. నా దగ్గరున్నవి పాప కోసం దాచిన 80,000 ఎఫ్‌డీ, లక్ష రూపాయల 20 నెలల చిట్టీ (11 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు), మా ఆవిడ నగలు. మీరైతే ఏం చేస్తారు?

గచ్చిబౌలి టెకీ

మీ బావ చెప్పిందే కరెక్ట్ అన్నా. కార్డు వడ్డీ ఏడాదికి 42 శాతం. పర్సనల్ లోన్ 14, 15 శాతానికి దొరుకుతుంది. ఎక్కువ వడ్డీ అప్పు తీసేసి తక్కువ వడ్డీ అప్పు పెట్టుకోవడంలో తప్పేముంది? "కొత్త అప్పు వద్దు" అనేది సెంటిమెంట్. మొత్తం బాకీ పెరగనప్పుడు అది కొత్త అప్పు ఎలా అవుతుంది?

గుంటూరు రిటైర్డ్

టెకీ గారి లెక్క కాగితం మీద తప్పు కాదు. కానీ నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసినవాణ్ని. కార్డులు తీర్చడానికని పర్సనల్ లోన్ తీసుకున్న వాళ్లలో చాలామంది ఏడాది, ఏడాదిన్నర తిరక్కుండానే మళ్లీ నా టేబుల్ దగ్గరికి వచ్చేవారు. లోన్ అలాగే ఉండేది, కార్డులు మళ్లీ నిండి ఉండేవి. వాళ్లేమీ దుబారా మనుషులు కాదు. లోన్‌తో కార్డు బాకీ సున్నా అయిందే గానీ, నెల చివర ఇంటి ఖర్చుకు పడే ఐదారు వేల లోటు మాత్రం అలాగే ఉండేది. లిమిట్ ఖాళీగా కనిపిస్తుంటే ఆ ఐదారు వేలూ దాంట్లోంచే వచ్చేవి. ముందు పూడ్చాల్సింది ఆ తేడాని.

మన లెక్కలో చెప్తాను. ఊళ్లో ఎవరైనా నూటికి రెండు రూపాయల వడ్డీకిస్తే అమ్మో అంటాం. కార్డు వడ్డీ నెలకు మూడున్నర రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 4 రూపాయల 13 పైసలు. మీ 3,90,000 మీద నెలకు సుమారు 16,100 వడ్డీకే పోతోంది. మీరు కడుతున్న 19,500లో అసలుకు జమయ్యేది 3,400. నెలలో సరుకులకు 5,000 గీకితే బాకీ పెరిగినట్టే. ఇన్నాళ్లూ ఒక్క వాయిదా తప్పకుండా కట్టి ఉంటారు, అయినా బాకీ కదల్లేదంటే కారణం ఇదే.

ఇంకోటి. పాత బాకీ ఉన్నంతకాలం ఆ 45 రోజుల వడ్డీలేని గడువు వర్తించదు. మీరు ఇవాళ కార్డుతో కొన్న కందిపప్పుకు ఇవాళ్టి నుంచే వడ్డీ పడుతుంది. అందుకే మొట్టమొదట సరుకులు కార్డు మీంచి తప్పించాలి, తర్వాతే ఏదైనా.

విశాఖ వ్యాపారి

పెద్దాయన చెప్పింది బాగుంది కానీ, 7,500తో నలుగురు బతికే ఇంటికి "ముందు సరుకులు కార్డు మీద కొనకండి" అంటే ఏం తింటారండీ? భరించలేని అప్పు అంటే భరించలేని అప్పే. అలాంటప్పుడు కట్టడం ఆపి సెటిల్‌మెంట్ అడగడం దొంగతనం కాదు. మినిమం డ్యూ 90 రోజులు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత బ్యాంకే మాట్లాడటానికి దిగొస్తుంది. రాజీ పరిష్కారాలకు ప్రతి బ్యాంకూ ఒక విధానం పెట్టుకోవాలని ఆర్బీఐ 2023 జూన్‌లో చెప్పింది కూడా. లాక్‌డౌన్‌లో మా షాపు మూతపడ్డప్పుడు నేను చేసింది అదే. పిల్లల తిండి తగ్గించి బ్యాంకుకు 42 శాతం వడ్డీ కట్టడం నా వల్ల కాలేదు.

అసలు 30 శాతం దాటి వడ్డీ వేయకూడదని తీర్పు ఉంది కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

గుంటూరు రిటైర్డ్

ఆ తీర్పు ఇప్పుడు లేదండీ. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో 30 శాతం పరిమితి పెట్టింది. దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. దాని మీద ఆశ పెట్టుకుని ఎవరూ లెక్కలు వేసుకోవద్దు.

సెటిల్‌మెంట్ తప్పని నేనూ అనను. ఉద్యోగం పోయి, అమ్ముకోవడానికి ఏమీ మిగలని వాళ్లకు అదే దారి. మీ పరిస్థితిలో మీరు చేసింది న్యాయమే. మియాపూర్ ఆయనకు మాత్రం నెలనెలా జీతం వస్తోంది, చేతిలో ఎఫ్‌డీ, చిట్టీ ఉన్నాయి. ఆయన ఆపేస్తే ఆర్నెల్లలో వడ్డీలు, లేట్ ఫీజులు కలిసి బాకీ 5 లక్షలకు చేరొచ్చు. "సగానికి సెటిల్" అన్నప్పుడు ఆ సగం దేనిలో సగమో అడగాలి. ఆ డబ్బు కూడా ఒకేసారో, రెండు మూడు విడతల్లోనో కట్టమంటారు. అప్పుడెక్కణ్నుంచి తెస్తారు? మళ్లీ అప్పే కదా. సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రికార్డులో, "సెటిల్డ్" అన్న ముద్ర ఏడేళ్ల దాకా కనిపిస్తుంది. పైగా జీతం ఖాతా కార్డు ఇచ్చిన బ్యాంకులోనే ఉంటే, బాకీ కింద అందులోంచి సర్దుకునే హక్కు చాలా కార్డుల షరతుల్లోనే రాసి ఉంటుంది.

విశాఖ వ్యాపారి

ఏడేళ్ల ముద్ర అని భయపెట్టకండి. అప్పులతో పీకల్లోతు మునిగినవాడికి కొత్త లోన్ రాకపోవడం నష్టమా? నా మటుకు నాకు మంచే జరిగింది. కాకపోతే ఒకటి ఒప్పుకుంటాను, ఆ ఆర్నెల్లూ ఫోన్లు మామూలుగా రాలేదు. మా బావమరిదికీ, పక్క షాపతనికీ కూడా చేశారు.

హనుమకొండ అక్క

మీ ఇద్దరూ బ్యాంకు దగ్గరే ఆగిపోయారు. తమ్ముడు తన దగ్గర ఏమున్నాయో చెప్పాడు, వాటి సంగతి ఎవరూ చూడలేదు.

ముందు ఎఫ్‌డీ. పాప పేరు చెప్పుకుని దాచిన డబ్బు ముట్టుకోవడం ఎంత కష్టమో ఇద్దరు ఆడపిల్లల తల్లిగా నాకు తెలుసు. కానీ ఆ 80,000 మీద ఏడు శాతం లెక్కన ఏడాదికి వచ్చేది 5,600. అదే 80,000 బాకీకి కార్డు వాడు ఏడాదికి లాగేది 39,600. ముందే తీసినందుకు బ్యాంకు ఒక శాతం దాకా వడ్డీ కోసినా పోయేదేమీ లేదు. పాప డబ్బును కార్డు తినేస్తోంది తమ్ముడూ. రేపే తీసెయ్. 60,000తో మూడో కార్డు పూర్తిగా మూసెయ్, మిగతా 20,000 రెండో దానికి కట్టు.

ఇక చిట్టీ. ఈ నెల పాడుకో.

గచ్చిబౌలి టెకీ

అక్కా, చిట్టీ పాడుకోవడం కూడా అప్పే కదా? మిగతా నెలలు కట్టాలి, జామీను ఇవ్వాలి. పర్సనల్ లోన్ వద్దని చిట్టీ ముద్దు అంటే ఎలా?

హనుమకొండ అక్క

సగం అప్పే, కాదనను. 12,000 తోసి పాడితే చేతికి 88,000 వస్తుంది. ఇంకా తొమ్మిది నెలలు కట్టాల్సింది 45,000. అంటే వచ్చిన దాంట్లో దాదాపు సగం ఇప్పటికే తను కట్టిన సొమ్ము. మిగిలిన సగానికి కూడా కొత్తగా నెలకు ఒక్క రూపాయి పెరగదు, ఎలాగూ కట్టే 5,000 కడతాడు. చివరి దాకా ఆగితే కమిషన్ పోను 95,000 వస్తుంది. అంటే ఇప్పుడు పాడితే పోయేది 7,000. ఆ 88,000 కార్డుకు కడితే నెలకు 3,600 వడ్డీ ఆగుతుంది. రెండు నెలల్లో పోయింది తిరిగొస్తుంది. కొత్త లోన్ తీసుకుంటే నెలకు కొత్త వాయిదా పుడుతుంది, ఇక్కడ పుట్టదు. తేడా అదీ.

ఒక జాగ్రత్త. చిట్టీ రిజిస్టర్ అయినదైతేనే నా లెక్క నిలుస్తుంది. తెలిసినవాళ్ల ఇంట్లో నడిచే చిట్టీ అయితే డబ్బు చేతికొచ్చేదాకా ఏ కార్డుకూ మాట ఇవ్వకు.

నగల జోలికి మాత్రం ఇప్పుడు పోవద్దు. తాకట్టు పెడితే అది ముమ్మాటికీ అప్పే, వడ్డీ కట్టలేకపోతే వేలానికి వెళ్తాయి. తప్పనిసరైతే ఒక గొలుసు అమ్మడం నయం. అదీ మీ ఆవిడ తనంతట తాను ఇస్తానంటేనే.

గుంటూరు రిటైర్డ్

అమ్మాయి చెప్పిన లెక్కనే ముందుకు తీసుకెళ్తాను. ఎఫ్‌డీ, చిట్టీ పోను రెండో కార్డు మీద 32,000 మిగులుతుంది, మొదటి దాని మీద 1,90,000 అలాగే ఉంటుంది. ఆ 1,90,000ను అదే బ్యాంకులో ఈఎంఐ కింద మార్చమని అడగండి. నెలకు ఒకటిన్నర రూపాయల వడ్డీతో 36 నెలలకు ఇస్తే వాయిదా 6,870 అవుతుంది, మొదటి నెలల్లో వడ్డీ మీద జీఎస్టీతో కలిపి 7,400 లోపు. ఇప్పుడు ఆ ఒక్క కార్డుకే 9,500 కడుతున్నారు, పైగా ఎప్పటికి తీరుతుందో తెలియకుండా. రెండో కార్డుకు నెలకు 7,000 చొప్పున కడితే ఆరో నెలలో అయిపోతుంది.

అప్పుడు జీతంలోంచి అద్దె, స్కూలు, చిట్టీ, ఈ రెండు వాయిదాలు పోగా 12,600 మిగులుతుంది. ఇప్పుడు మిగిలేది 7,500. విశాఖ ఆయన అడిగిన "ఏం తింటారు" అన్న ప్రశ్నకు నా జవాబు ఈ 5,100. ఇంట్లో సరుకులు నగదుతో వస్తే కార్డు గీకే అవసరం ఉండదు. ఆర్నెల్ల తర్వాత ఆ 7,000 కూడా మీదే.

గచ్చిబౌలి టెకీ

ఈఎంఐ కింద మార్చడం కూడా 18 శాతం లోనే కదా సార్. అదే పని 15 శాతానికి బయట చేస్తే తప్పు, లోపల చేస్తే ఒప్పా?

గుంటూరు రిటైర్డ్

అడగాల్సిన ప్రశ్నే. వడ్డీలో మీ మాటే నెగ్గుతుంది, మూడు శాతం తేడా ఉంది. కానీ ఈఎంఐగా మార్చినప్పుడు సాధారణంగా కార్డు లిమిట్‌లో ఆ 1,90,000 బిగించే ఉంచుతారు, కట్టేకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతారు. బయటి లోన్‌తో తీరిస్తే రేపటికల్లా 1,90,000 లిమిట్ తెరుచుకుంటుంది. ఈ ఇంటికి ఇప్పుడు అది ప్రమాదం. పైగా మూడు కార్డులూ నిండి ఉన్నవాడికి బ్యాంకు 15 శాతానికి లోన్ ఇవ్వదు. 24 అంటుంది, లేదా కుదరదంటుంది. అక్కడ కాదనిపించుకున్న మనిషి ఫోన్‌లో లోన్ యాప్ తెరుస్తాడు. 2020 చివర్లో తెలంగాణలో ఆ యాప్‌ల వేధింపులకు ప్రాణాలే పోయాయి. అందుకే నేను ఇంత పట్టుబట్టి చెప్తున్నాను.

విశాఖ వ్యాపారి

లెక్క చూశాను. ఈ ఇంటికైతే సరిపోయేలా ఉంది, ఒప్పుకుంటాను. చిట్టీ, ఎఫ్‌డీ లేనివాళ్లకు మాత్రం నా మాటే వర్తిస్తుంది. వాళ్లు అప్పు మీద అప్పు చేసేకంటే బ్యాంకుకు తమ పరిస్థితి రాసిచ్చి సెటిల్‌మెంట్ అడగడమే మేలు. ఒప్పుకున్న మొత్తం ఉత్తరంగా చేతికి రాకుండా ఒక్క పైసా కట్టొద్దు. కట్టాక ఇక బాకీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకోండి. మధ్యలో "మేం సెటిల్ చేయిస్తాం" అని ఫీజు అడిగే కన్సల్టెంట్లను దగ్గరికి రానివ్వొద్దు.

హనుమకొండ అక్క

ఫోన్ల గురించి కూడా చెప్పాలి, భయంతోనే సగం మంది యాప్‌ల దగ్గరికి పోతున్నారు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చుట్టాలకూ స్నేహితులకూ చెప్పి పరువు తీయకూడదు. ఇది ఆర్బీఐ నియమం. కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, పోలీసులు వచ్చి పట్టుకుపోరు. చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే మాత్రం కేసు వేరు, కాబట్టి ఖాతాలో డబ్బు లేకుండా ఎవరికీ చెక్కు రాసివ్వకండి. కాల్ వివరాలు దాచుకుని ముందు బ్యాంకుకే ఫిర్యాదు రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, రూపాయి ఖర్చు లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

మియాపూర్ వాసి

అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆవిడతో కూర్చుని మొత్తం చదివాం. ఎఫ్‌డీ తీశాను, మూడో కార్డు బాకీ పూర్తిగా కట్టేశాను. చిట్టీ రిజిస్టర్ అయినదే, వచ్చే పాటకు వెళ్తున్నా. మొదటి కార్డు బ్యాంకుకు ఫోన్ చేస్తే నెలకు ఒకటిన్నర శాతం, 36 నెలలు అన్నారు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుందట. ఒప్పుకునే ముందు ఇంకేమైనా అడగాలా? మూడో కార్డు ఉంచుకోమంటారా, తీసేయమంటారా? ఎమర్జెన్సీకి పనికొస్తుందని మా బావ అంటున్నాడు.

గుంటూరు రిటైర్డ్

ఫీజు ఎంతో, మధ్యలో ముందే తీర్చేస్తే ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఎంతో మెయిల్‌లో రాసి పంపమనండి. ఫీజు మీదా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. వాయిదా తేదీని జీతం పడే రోజుకు దగ్గరగా పెట్టించుకోండి. నెల ఖర్చు అయ్యాక కట్టడం, కట్టాక ఖర్చు పెట్టుకోవడం ఒకటి కాదు.

మూడో కార్డు మూసేయండి. మీ ఇంటి ఎమర్జెన్సీకి కార్డు కాదు, ఆ మిగిలే 5,100లోంచి నెలకు వెయ్యి పక్కన పెట్టండి. మూయమని ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా మెయిల్ పెట్టండి, తారీఖు రుజువుగా ఉంటుంది. బాకీ లేకపోతే అడిగిన 7 పని దినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున వాళ్లే మీకివ్వాలి. మూసినట్టు జవాబు వచ్చాక నెలా రెండు నెలలాగి సిబిల్ రిపోర్టులో "క్లోజ్డ్" అని పడిందో లేదో చూసుకోండి. "సెటిల్డ్" అని ఉంటే వెంటనే ఆ మెయిల్ జతచేసి సరిచేయించుకోండి.