సమస్య: శిరముఁ గోల్పోయి నిలిచెను శిరము నెత్తి (తేటగీతి)

గణపతితో గట్టెక్కేయడం ఈసారి కుదరదు. పూరణ ఇంగ్లండులోని మాల్డన్ ఒడ్డున ఉన్న బిర్త్‌నోత్ కంచు విగ్రహం మీదే ఉండాలి. జాన్ డబుల్‌డే మలచిన ఆ విగ్రహాన్ని 2006లో నిలిపారు. ఎసెక్స్ ఏలిక అయిన ఈ ఆంగ్లో-శాక్సన్ వీరుడు 991 ఆగస్టులో వైకింగులకు (ఓడల మీద వచ్చి దోచుకునే ఉత్తరాదివాళ్ళకు) కప్పం ఇవ్వనన్నాడు. వాళ్ళు నార్తీ దీవిలో ఉన్నారు. పోటు తగ్గాక సన్నటి దారి తేలింది. దాటి వస్తాం, దారి ఇమ్మంటే ఇచ్చాడు! ప్రాణం పోయింది, తలా పోయింది. చివరికి రాజు 10,000 పౌండ్ల కప్పం కట్టనే కట్టాడు.

మొదటి పూరణ:

తెగిన తలఁ గొనిపోయిరి తెరల మీద;
గోరి లోపల మైనపు గోళ మొకటి
తలగ మిగిలెను, మాల్డను తటమునందు
శిరముఁ గోల్పోయి నిలిచెను శిరము నెత్తి.

— చాలా బాగుంది. ఈలీ మఠాధిపతి మొండేన్ని తెచ్చి, తల స్థానంలో మైనపు ముద్ద పెట్టి పాతించాడని అక్కడి మఠం చరిత్ర చెబుతుంది. 1769లో ఎముకలు చూసినప్పుడూ పుర్రె లేదు. తల కొనిపోయింది ఎవరో పద్యంలో లేదు కానీ సందర్భం తెలిసినవారికి ఇబ్బంది లేదు.

రెండో పూరణ:

దారి యిచ్చెను శత్రువు దాటి రాఁగ;
గర్వ మందురు, గాని యా గట్టు మీద
చావు వచ్చిన వెనుదీయఁ జాలఁ డతఁడు;
శిరముఁ గోల్పోయి నిలిచెను శిరము నెత్తి.

— ధార హాయిగా ఉంది. అయితే విగ్రహం ఊసే లేకపోవడంతో చివరి పాదంలో మొండెమే లేచి నిలబడినట్టు అనిపిస్తోంది!

— గర్వం కాదండీ, లెక్క. దారి ఇవ్వకపోతే వాళ్ళు ఓడలెక్కి ఇంకో ఊరిమీద పడేవారు. అక్కడే తేల్చేద్దామనుకున్నాడేమో.

— ఆ మాట పద్యంలో పెట్టి మళ్ళీ పంపండి మరి.

మూడో పూరణ:

ఓడిపోయిన వానికి నొకరు నేఁడు
కంచు బొమ్మను నిలిపిరి నదిని జూడ;
వేయి యేండ్లకుఁ గత్తిని విడువ లేదు;
శిరముఁ గోల్పోయి నిలిచెను శిరము నెత్తి.

— మొదటి పాదం ఎత్తుగడకు వంద మార్కులు. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, 'కం'కు 'న' చెల్లదు. "కంచు బొమ్మను నిలిపిరి కడలిఁ జూడ" అంటే సరి. అక్కడిది పోటు వచ్చే బ్లాక్‌వాటర్ నది మొగ కాబట్టి కడలి అన్నా తప్పులేదు.

— సవరణకు ధన్యవాదాలు గురువుగారూ.