డోరిక్ అంటే స్పార్టా, అయోనిక్ అంటే ఏథెన్స్: ఈ లెక్క కరెక్టేనా?

చార్టుకష్టాలు:
మా పాపకి ప్రాచీన గ్రీసు మీద స్కూలు ప్రాజెక్టు ఇచ్చారు. తేలిగ్గా గుర్తుంటుందని ఒక్కో నగరానికీ దాని పాలన, స్తంభాల శైలి (డోరిక్, అయోనిక్, కొరింథియన్ అని గ్రీకు స్తంభాల రకాలు) రాసి నేనే ఒక పట్టిక గీసిచ్చా. స్పార్టా, రాజరికం, డోరిక్. ఏథెన్స్, ప్రజాస్వామ్యం, అయోనిక్. కొరింథ్, డబ్బున్నవాళ్ల పాలన, కొరింథియన్. చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ ఇలా ఎక్కడా చదివిన గుర్తు లేదు, అదే టెన్షన్. రేపు పొద్దున్నే ఇచ్చేయాలి.

పాతరాయి:
ఇవ్వనివ్వకండి! డోరియన్లు, అయోనియన్లు అని గ్రీకుల్లోనే రెండు తెగలు, స్పార్టా వాళ్లు మొదటి తెగ, ఏథెన్స్ వాళ్లు రెండోది, కాబట్టి మీకు అలా అనిపించడంలో తప్పు లేదు. కానీ ఏథెన్స్‌లో ప్రజాస్వామ్యం మంచి ఊపు మీదున్నప్పుడు, క్రీ.పూ. 447లో అక్కడి కొండ మీద మొదలెట్టిన పార్థినాన్ గుడికి బయట చుట్టూ ఉన్న 46 స్తంభాలూ డోరిక్‌వే. లోపలి గోడల పైన తిరిగే శిల్పాల పట్టీ మాత్రం అయోనిక్ పద్ధతి. అదే కొండ మీద కాస్త అవతల ఉన్న ఎరెక్తియాన్ గుడి అయోనిక్. ఇక కొరింథ్‌లో అపోలో గుడివి ఇప్పటికీ ఏడు స్తంభాలు నిలబడి ఉన్నాయి, అవీ డోరిక్‌వే, ఒక్కోటి ఒకే రాయి.

నిద్రరాదు:
స్పార్టాని ఉత్త రాజరికం అనకండి. ఒకేసారి ఇద్దరు రాజులు, వాళ్లతో పాటు అరవై దాటిన 28 మంది పెద్దలు, ఏటా ఎన్నికయ్యే ఎఫోర్లనే అయిదుగురు అధికారులు. ఈ ఎఫోర్లు రాజునైనా నిలదీయగలరు. ఏథెన్స్‌లో 500 మంది సభకి లాటరీ తీసేవారు, ఆడవాళ్లకీ బానిసలకీ మాత్రం అందులో చోటు లేదు.

చార్టుకష్టాలు:
అయితే ప్రభుత్వానికీ కట్టడాలకీ సంబంధమే లేదా?

పాతరాయి:
ఎందుకు లేదు, స్తంభాల్లో కాదు, డబ్బు దగ్గర చూడండి. ఏథెన్స్ మిత్రరాజ్యాలు యుద్ధం కోసమని కట్టిన నిధిని క్రీ.పూ. 454లో డెలోస్ దీవి నుంచి ఏథెన్స్‌కి తెచ్చుకున్నారు, తర్వాత గుళ్లకి అందులోంచీ వెళ్లింది. పార్థినాన్ జమాఖర్చులు రాతి మీద చెక్కి జనానికి కనబడేలా పెట్టారు, అదీ ప్రజాస్వామ్యం పనే. ఏథెన్స్‌లోనే ఉన్న ఒలింపియన్ జ్యూస్ (గ్రీకుల పెద్ద దేవుడు) గుడి ఇంకో కథ. దాన్ని నియంత పెయిసిస్ట్రాటస్ కొడుకులు మొదలెట్టారు, వాళ్ల పాలన పోగానే పని ఆగింది. ఆరు వందల ఏళ్లు దాటాక రోమన్ చక్రవర్తి హాడ్రియన్ పూర్తి చేశాడు, అప్పటికి అది కొరింథియన్ అయిపోయింది.

నిద్రరాదు:
స్పార్టా పాడుబడితే మిగిలిన గుళ్లూ పునాదులూ చూసి అదొకప్పుడు అంత బలమైన రాజ్యమంటే ఎవరూ నమ్మరని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ అప్పుడే రాశాడు.

చార్టుకష్టాలు:
చార్టు వెనక్కి తిప్పి మళ్లీ గీస్తున్నాం. స్పార్టా గడిలో పాప ఇద్దరు రాజుల్ని వేస్తుందట, స్తంభం అక్కర్లేదట.