మలక్‌పేట నుంచి న్యూమార్కెట్‌కి వస్తున్న జాకీకి: సస్పెన్షన్లు ఎక్కడ పడతాయంటే

అడిగింది, హైదరాబాద్ నుంచి:
అన్నలూ, మలక్‌పేట రేసుకోర్సులో అప్రెంటిస్ జాకీగా (ఇంకా నేర్చుకునే దశలో) రైడ్ చేస్తున్నా. త్వరలో ఇంగ్లండ్‌లో గుర్రప్పందేలకి పేరున్న న్యూమార్కెట్‌కి వస్తున్నా. ఇక్కడి రూల్స్‌కీ అక్కడికీ తేడా ఏంటి? దేనికి సస్పెన్షన్ పడుతుంది?

న్యూమార్కెట్ నుంచి:
తమ్ముడూ, ముందు హైదరాబాద్ రేస్ క్లబ్ నుంచి క్లియరెన్స్, నీ రైడింగ్ రికార్డు తెచ్చుకో. అక్కడ సస్పెన్షన్ మిగిలి ఉంటే ఇక్కడా వెంటాడుతుంది. దాచిపెట్టి లైసెన్స్‌కి అప్లై చేశావో, అసలు తప్పు కంటే అబద్ధానికే ఎక్కువ మూల్యం.

ఇక విప్, అంటే కొరడా. ఫ్లాట్ రేసు (అడ్డంకులు లేనిది) మొత్తానికి ఆరు దెబ్బలు, జంప్ రేసుకి (అడ్డంకులు దూకేది) ఏడు. ఒక్కటి ఎక్కువైనా సస్పెన్షనే, పెద్ద రేసుల్లో రెట్టింపు. 2023 నుంచి నాలుగు ఎక్కువైతే, అంటే ఫ్లాట్‌లో పదో దెబ్బ పడితే, గుర్రమే డిస్‌క్వాలిఫై. ఓనరు ప్రైజ్ మనీ పోగొట్టినవాడికి ఆ ట్రైనర్ మళ్లీ రైడ్ ఇస్తాడా? లెక్క సరిపోయినా చెయ్యి భుజం కంటే పైకి లేస్తే తప్పు, డొక్కలో తగిలితే తప్పు, గుర్రానికి స్పందించే టైం ఇవ్వకపోయినా తప్పే. రెండు దెబ్బల మధ్య కనీసం మూడు అంగలు పడనివ్వు. ఇంకా రెండు ఫర్లాంగులు, అంటే దాదాపు 400 మీటర్లు ఉండగానే నాలుగు వాడేస్తే చివరికి మిగిలేది రెండే, కుర్రాళ్లు దొరికేది అక్కడే. ఆ రోజు ఎవరూ పిలవలేదని సంబరపడకు. విప్ కేసులు తర్వాత వేరే కమిటీ వీడియో పెట్టుకుని చూస్తుంది.

మెల్‌బోర్న్ నుంచి:
పై లెక్క బ్రిటన్‌ది. ఇక్కడ ఆస్ట్రేలియాలో ఆఖరి 100 మీటర్లకి ముందు ఐదు మాత్రమే, అదీ వరస అంగల్లో కొట్టకూడదు. ఆ 100 మీటర్లలో రైడర్ ఇష్టం. దేశం మారితే అలవాటు మార్చుకోవాల్సిందే.

నా దృష్టిలో విప్ కంటే పక్క గుర్రాలకి అడ్డం వెళ్లడమే పెద్ద గండం. గుర్రం ఎడమకి వాలుతుంటే కుడిచేత్తో కొడుతూనే ఉంటే ఇంకా ఎడమకే పోతుంది. ఎదురుగా పెట్టిన హెడ్-ఆన్ కెమెరాలో అది స్పష్టంగా కనబడుతుంది. కొట్టడం ఆపు, కళ్లెం పట్టి సరిచెయ్, తర్వాత విప్ చెయ్యి మార్చు. సరిచేసే ప్రయత్నం కనిపిస్తే శిక్ష ఒక తీరు, కనిపించకపోతే ఇంకో తీరు.

హైదరాబాద్ నుంచి:
ఫోన్ సంగతి? రేసు రోజు ఇంటికి కూడా చేసుకోకూడదా?

న్యూమార్కెట్ నుంచి:
మొదటి రేసుకి అరగంట ముందు నుంచి, నీ రైడ్లు అయ్యేదాకా ఎక్కడపడితే అక్కడ వాడకూడదు. దానికి కేటాయించిన చోటే మాట్లాడాలి. జపాన్‌లో ఇంకా కఠినం: 2015లో ఫ్రెంచ్ జాకీ క్రిస్టోఫ్ లెమేర్ అంతటివాడికి, అక్కడ లైసెన్స్ వచ్చిన కొత్తలోనే, ఫోన్ వాడినందుకు 30 రోజులు వేశారు.

అసలు ప్రమాదం వాట్సాప్. బెట్టింగ్ నీకు పూర్తిగా నిషేధం, అది తెలిసిందే. కానీ "ఈరోజు మా గుర్రం కాలు బాగాలేదు" అని మలక్‌పేటలో ఉన్న బావకి పంపి, ఆయన బుకీ దగ్గరికి పోయాడనుకో, లోపలి సమాచారం అమ్మావన్న అనుమానం నీ మీదే. విచారణలో ఫోన్ రికార్డులు అడుగుతారు.

వెయిట్ తగ్గడానికి లాసిక్స్ లాంటి, ఒంట్లో నీళ్లు బయటికి పంపే మాత్రలు మింగకు, పరీక్షలో దొరుకుతాయి. కోడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా బ్యాగులో వద్దు. తాగుడు సంగతి: జాకీకి 100 మిల్లీలీటర్ల శ్వాసలో 17 మైక్రోగ్రాముల ఆల్కహాలే పరిమితి, ఇంగ్లండ్‌లో డ్రైవర్లకున్న 35లో దాదాపు సగం. రాత్రి తాగింది పొద్దున కనబడుతుంది.

మెల్‌బోర్న్ నుంచి:
ఇంకోటి. గెలుస్తున్నానని విన్నింగ్ పోస్టు రాకముందే గుర్రాన్ని తోలడం ఆపేసి, ఆ కాస్తలో ఓడిపోతే వారాలకి వారాలు ఇంట్లో కూర్చోవాలి. పందెం కాసేవాళ్లు కూడా క్షమించరు, మలక్‌పేట స్టాండ్స్‌లో అరుపులు నీకు కొత్తా!

న్యూమార్కెట్ నుంచి:
బ్రిటన్‌లో సస్పెన్షన్ మామూలుగా రెండు వారాల తర్వాత మొదలవుతుంది. ఈలోపు రైడ్ చేయొచ్చు. సస్పెన్షన్ ఉన్న రోజుల్లో ఇంకో దేశం పోయి రేసు ఆడదామంటే కుదరదు, పొద్దున గాలప్స్ (గుర్రాలకి ప్రాక్టీస్ పరుగులు) మాత్రం చేసుకోవచ్చు. రాగానే జాకీల అసోసియేషన్‌లో చేరు, లాయర్ సాయం దొరుకుతుంది. ఎంక్వైరీ గదిలో ప్రశ్న అర్థం కాకపోతే వెంటనే దుబాసీని అడుగు. తలూపి "యెస్ సర్" అంటే ఒప్పుకున్నట్టే రాసుకుంటారు.