నొయ్‌డోర్ఫ్, ప్రష్యా: ఏ నొయ్‌డోర్ఫ్?

చిక్కుముడి: 1868 ఓడ ప్రయాణికుల జాబితాలో ఊరు "నొయ్‌డోర్ఫ్, ప్రష్యా" (అప్పటి జర్మన్ రాజ్యం) అని మాత్రమే ఉంది. నేను వెతికే మనుషులు లూథరన్లు (ప్రొటెస్టెంట్ క్రైస్తవులు). మేయర్స్ గెజెటీర్‌లో (పాత జర్మనీ ఊళ్ల పేర్ల పుస్తకం) ఆ పేరుతో బోలెడు ఊళ్లు. ఎలా వడపోయాలి? పాత పటాలు ఎక్కడ చూడాలి?

గోదారిగట్టు: మేయర్స్ ప్రతి ఎంట్రీలో ఎస్‌టీడీఏ (జనన, వివాహ, మరణ రిజిస్ట్రారు ఆఫీసుకు పొట్టి పేరు) చూడండి. దాని పక్కన వేరే ఊరి పేరుంటే రిజిస్ట్రారు ఆఫీసు అక్కడ, లేకపోతే ఆ ఊళ్లోనే.

పాతపటం: 1868 అని కళ్లెదుట ఉంటే ఆ ఆఫీసు దేనికండీ? ప్రష్యాలో అవి 1874 అక్టోబరు 1 నుంచే. అంతకుముందు చర్చి రిజిస్టర్లే గతి.

గోదారిగట్టు: చర్చివే అని తీర్మానించేస్తే ఎలా? రైన్ ఎడమ ఒడ్డున ఫ్రెంచివాళ్లు 1798లోనే సివిల్ రిజిస్టర్లు పెట్టారు. తర్వాత అదీ ప్రష్యాయే.

పాతపటం: ఆ ఒక్క మూల పట్టుకుని ఎంతసేపు వాదిస్తారు? తూర్పున సైలీషియా, పోజెన్ రాష్ట్రాల నొయ్‌డోర్ఫ్‌లకు అది పనికొస్తుందా?

ఫ్రాక్టూర్ బాబాయ్: ఫ్రాక్టూర్ అనే పాత జర్మన్ అచ్చు నాకు కొట్టినపిండి. పెద్ద బి, వి ఒకేలా ఉంటాయి; ఎన్, ఆర్ కూడా. పొడుగు ఎస్‌కు అడ్డగీత కుడివైపు దాటదు, ఎఫ్‌కు దాటుతుంది. అక్కడే పొరబడి ఉంటారు.

గోదారిగట్టు: బాబాయ్, ఓడ జాబితా గుమాస్తా చేతిరాత, అచ్చు కాదు. అతను విన్నది రాశాడు. నౌన్‌డోర్ఫ్, నీడర్‌డోర్ఫ్ కూడా వెతకాలి.

ఫ్రాక్టూర్ బాబాయ్: మేయర్స్ అచ్చు పుస్తకమేగా! చదవడం రానివాళ్లకే ఆన్‌లైన్ సూచిక.

హనోవర్ దారి: 1866లో హనోవర్, హెస్సె-కాసెల్, నాస్సౌ, ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ ప్రష్యాలో కలిశాయి. 1868 ప్రష్యా అంటే అవీ లెక్కే. తూర్పుకే పోకండి.

తూర్పుగాలి: ఊళ్ల పేర్లూ మారాయి: 1938లో తూర్పు ప్రష్యాలోని పిల్‌కాలెన్ ష్లోస్‌బెర్గ్ అయింది. 1912-13 మేయర్స్‌లో కొత్త పేరు దొరకదు. ఓడర్-నైస్సె (ఈనాటి జర్మనీ-పోలండ్ సరిహద్దు నదులు) అవతల ఊళ్లకు కార్టెన్‌మైస్టర్ అనే ఆన్‌లైన్ ఊళ్ల సూచిక చూడండి.

చిక్కుముడి: నాది 1868 అండీ.

పాతపటం: మేయర్స్ సైట్‌లో ఎక్లీసియాస్టికల్ (చర్చిల) ట్యాబ్ దగ్గరున్న చర్చిలను దూరాన్నిబట్టి చూపిస్తుంది. దగ్గరిదే మీ చర్చి అనుకోవద్దు. 1905 జనగణన మీద ఆధారపడ్డ ప్రష్యా గెమైండెలెక్సికోన్‌లో (ఊళ్ల వివరాల పుస్తకం) ఏ ఊరు ఏ ఎవాంజెలికల్ (ప్రొటెస్టెంట్) చర్చి కిందో గడిలోనే ఉంటుంది. అందులో "ఏ" విభాగం పట్టణాలు, "బీ" గ్రామాలు, "సీ" జమీందారీ ఎస్టేట్లు. బీ, సీలలో ఒకే పేరుంటే రెండూ చూడాలి.

గోదారిగట్టు: రైన్ సంపుటంలో కూడానా?

పాతపటం: మళ్లీ మొదలెట్టారు!