టెన్సుల పట్టిక బట్టీ పట్టించాలా, తెలుగుతో పోల్చి చెప్పాలా?

విజయనగరం టీచర్:
ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లిష్ చెబుతాను. మా పిల్లలు పన్నెండు టెన్సుల పట్టికను గడగడా అప్పజెబుతారు. అదే "నిన్న ఏం చేశావు?" అని ఇంగ్లిష్‌లో అడిగితే "యెస్టర్డే ఐ యామ్ గోయింగ్ టు మార్కెట్" అంటారు. పైగా ఇంగ్లిష్ క్లాసులో తెలుగు మాట వినిపించకూడదని మా దగ్గర కొందరు పట్టుబడుతున్నారు. పట్టిక ఉంచాలా, తీసేయాలా? తెలుగులో వివరించడం నిజంగా తప్పా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోచింగ్ మాస్టారు:
పట్టిక తీసేయకండి మేడమ్. పరీక్షలో బ్రాకెట్లో క్రియ ఇచ్చి సరైన రూపం రాయమంటారు. గో, వెంట్, గాన్ నోటికి రానివాడు అక్కడ ఏం రాస్తాడు? ఇలాంటి క్రియలకు సూత్రం ఉండదు, వల్లె వేయాల్సిందే. ఎక్కాలు రాకుండా లెక్కలు చేయించలేం కదా.

డాలస్ తెలుగు:
మా పిల్లలకు ఎవరూ టెన్సులు చెప్పలేదండి. విని, మాట్లాడి నేర్చుకున్నారు. పట్టికా వద్దు, తెలుగూ వద్దు. ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ ఉండండి, అదే వస్తుంది.

కృష్ణాతీరం:
డాలస్ గారూ, మీ పిల్లలకు బడిలో, ఆటస్థలంలో, టీవీలో పొద్దస్తమానం ఇంగ్లిష్ వినిపిస్తుంది. విజయనగరం జిల్లా పల్లెలో పిల్లవాడు ఇంగ్లిష్ వినేది ఆ ఒక్క పీరియడే. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం ఆ పిల్లవాడికి అన్యాయం.

మాస్టారి మాటలో సగం ఒప్పుకుంటాను. గో, వెంట్, గాన్ కంఠస్థం కావాల్సిందే. కానీ పన్నెండు గళ్ల పట్టిక వేరు, క్రియల మూడు రూపాలు వేరు. పట్టిక చూసిన పిల్లవాడికి అన్ని గళ్లూ సమానంగా ముఖ్యమనిపిస్తాయి. రోజూ వాడే సింపుల్ పాస్ట్‌కు ఎంత చోటో, ఏడాదికోసారి కూడా అవసరపడని ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌కూ అంతే చోటు. అసలు ఇంగ్లిష్‌లో క్రియే రూపం మార్చుకుని చూపే కాలాలు రెండే, ప్రెజెంట్, పాస్ట్. 'విల్' అనేది 'కెన్', 'మే' లాంటి సహాయక క్రియ. 'విల్'ను ఫ్యూచర్‌గా కలుపుకుని మూడు కాలాలను నాలుగు తరహాలతో (సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్) హెచ్చిస్తే వచ్చిన లెక్కే ఈ పన్నెండు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది. మన పిల్లలు తప్పులు ఎలాపడితే అలా చేయరు. తెలుగు క్రియ నడిచే దారిలో ఇంగ్లిష్‌ను నడిపిస్తారు. "రోజూ ఆరింటికి లేస్తాను", "రేపు ఆరింటికి లేస్తాను", రెండు చోట్లా మనకు 'లేస్తాను' ఒక్కటే. అందుకే "డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్" పుడుతుంది. మన పాత వ్యాకరణాలు భవిష్యత్తును, తద్ధర్మాన్ని (అలవాటుగా జరిగేదాన్ని చెప్పే రూపాన్ని) వేరువేరుగా చూపాయి, నేటి వాడుకలో రెండూ కలిసిపోయాయి. ఈ ఒక్క సంగతి తెలుగులో చెబితే 'విల్' ఎక్కడ తీసేయాలో పిల్లవాడికే తెలుస్తుంది. "పదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాం" కూడా ఇలాంటిదే. 'ఉంటున్నాం'తో మనకు పని జరిగిపోతుంది కాబట్టి "వుయ్ ఆర్ స్టేయింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" వస్తుంది. అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగిందని ఇంగ్లిష్ క్రియలోనే చూపించాలి, "వుయ్ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అని.

కొన్నిచోట్ల తెలుగే మనకు సాయం చేస్తుంది. "ఐ డిడ్ నాట్ వెంట్" అనే తప్పు చూడండి. 'వెళ్లాను' అన్నప్పుడు జరిగిపోయిందనే గుర్తు క్రియలోనే ఉంది. 'వెళ్లలేదు' అన్నప్పుడు అది 'లేదు'లోకి పోయింది, 'వెళ్ల' మీద ఏ గుర్తూ లేదు. 'వెళ్లానులేదు' అని ఏ పిల్లవాడూ అనడు! 'డిడ్' ఆ గుర్తును తీసుకుంది కాబట్టి 'గో' అలాగే ఉండాలని చెబితే ఠక్కున పట్టుకుంటారు. తెలుగును బయట నిలబెట్టి ఇంత తేలిగ్గా ఎలా చెబుతాం?

కాకపోతే ఆ తెలుగు ఇంట్లో మాట్లాడేది అయ్యుండాలి. కొన్ని గైడుల్లో 'ఐ హావ్ ఈటెన్', 'ఐ హాడ్ ఈటెన్'లకు 'తినియున్నాను', 'తినియుంటిని' అని రాస్తారు. ఎవరూ అనని ఆ మాటలతో పిల్లవాడు ఒకటికి రెండు కొత్త భాషలు నేర్చుకోవాల్సి వస్తుంది. "ఇప్పుడే తినేశాను", "వాడు వచ్చేసరికే తినేశాను" అంటే చాలు.

నల్గొండ ఎస్‌ఏ ఇంగ్లిష్:
వ్యాకరణం జోలికి పోకుండా నేర్పే ప్రయత్నం మన పక్కనే జరిగింది. ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని కొన్ని బడుల్లో పాఠాలకు బదులు పనులు ఇచ్చి చూశారు. రైళ్ల టైంటేబుల్ ఇచ్చి ఏ బండి ముందు చేరుతుందో కనుక్కోమనడం లాంటివి. తర్వాత పరీక్షిస్తే పనుల ద్వారా నేర్చిన పిల్లలు ఆ తరహా పరీక్షలో, వాక్య నిర్మాణాలు సాధన చేసిన పిల్లలు తమ తరహా పరీక్షలో ముందున్నారు. కాబట్టి డాలస్ గారి మాటనూ పూర్తిగా కొట్టిపారేయలేం. మా రాష్ట్రంలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. సైన్సు, సోషల్ పుస్తకాల్లోనూ ఈ క్రియలు కళ్ల ముందు ఉంటున్నాయి. వాటిని ఇంగ్లిష్ పీరియడ్‌లో ఎందుకు వాడుకోం?

కోచింగ్ మాస్టారు:
కృష్ణాతీరం గారూ, "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే" అనేవాడికి ఏం చెబుతారు? 'చూశాను' అనే ఒక్క మాటకు ఇంగ్లిష్‌లో రెండు రూపాలు. ఇక్కడ మీ పోలిక పనిచేయదు.

కృష్ణాతీరం:
నిజమే మాస్టారూ, అక్కడ తెలుగు దారి చూపదు. నియమమే చెప్పాలి. నిన్న, పోయినేడాది, 2019లో అని గడిచిపోయిన సమయం పేరు చెబితే సింపుల్ పాస్ట్. ఎప్పుడన్నది చెప్పకుండా, దాని ప్రభావం ఇప్పుడు ఉందని చెప్పాలంటే 'హావ్'. ఆ నియమాన్ని కూడా తెలుగులోనే చెబుతాను. బ్రిటిష్ పద్ధతిలో "హావ్ యూ ఈటెన్ యెట్?" అనే చోట అమెరికాలో "డిడ్ యూ ఈట్ యెట్?" అనీ అంటారు, డాలస్ గారికి తెలిసే ఉంటుంది. మన బడి పుస్తకాలు బ్రిటిష్ పద్ధతిలో ఉంటాయి కాబట్టి పరీక్షకు వెళ్లే పిల్లలను అందులోకి లాగను.

విజయనగరం టీచర్:
అందరికీ ధన్యవాదాలు. పట్టిక గోడ మీద ఉంచుతాను, అప్పజెప్పించడం ఆపేస్తాను. క్రియల మూడు రూపాలు మాత్రం రోజూ చదివిస్తాను. సోమవారం 'వెళ్లాను, వెళ్లలేదు'తో మొదలుపెడతాను. ఇంకొక్కటి చెప్పండి. మనం "అర్థమవుతోంది" అంటాం, పిల్లలు "ఐ యామ్ అండర్‌స్టాండింగ్" అంటారు. నో, లైక్, హావ్ లాంటి వాటికీ 'ఇంగ్' తగిలిస్తారు. దీన్ని ఎనిమిదో తరగతి వాళ్లకు తెలుగులో ఎలా చెబుతారు?