పెద్దాపరేషన్‌తో పుట్టిన బిడ్డకు ప్రోబయోటిక్ చుక్కలు వేయాలా, తల్లిపాలే చాలా?

రాజోలు తాతయ్య:
మా మనవరాలు పుట్టి 12 రోజులైంది. పెద్దాపరేషన్ చేసి తీశారు. మొదటి రెండు రోజులు డబ్బా పాలు పట్టాల్సి వచ్చింది, ఆ తర్వాత నుంచి తల్లిపాలే. ఆపరేషన్ బిడ్డ పేగుల్లో మంచి బ్యాక్టీరియా చేరదని, ఆ బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ చుక్కలు వేయక తప్పదని మందుల షాపులో చెప్పి ఒక సీసా ఇచ్చారు. విరేచనం పసుపుపచ్చగా, పల్చగా, పుల్లని వాసనతో అవుతోంది కనుక ఇది అజీర్తేనని, వస కొమ్ము సానరాయి మీద అరగదీసి తేనెతో నాకిస్తానని మా వియ్యపురాలు గారు పట్టుబడుతున్నారు. ఎవరి మాట వినాలి?

కాకినాడ సూక్ష్మజీవి:
తాతయ్య గారూ, ముందుగా తేనె మాట. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండగల బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేయగలవు. బిడ్డ పాలు బాగా తాగుతూ బరువు పెరుగుతుంటే, ఆ పుల్లని వాసన అజీర్తి కాదు. తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెర గొలుసులు దాదాపు 200 రకాలు ఉంటాయి, ముర్రుపాలలో అవి మరీ ఎక్కువ. బిడ్డకు అరగని వాటిని తల్లి శరీరం ఎందుకు తయారుచేస్తుందంటే, అవి పేగుల్లోని బైఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియాకు తిండి. అవి ఆ చక్కెరలను తిని ఎసిటిక్, లాక్టిక్ ఆమ్లాలను విడుదల చేస్తాయి. ఆ పులుపులో హానికర బ్యాక్టీరియా చాలావరకు పెరగలేదు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిసియే 1899లో ఈ బైఫిడోబ్యాక్టీరియాను గుర్తించింది తల్లిపాలు తాగే శిశువుల మలంలోనే. కాబట్టి నా ఓటు పాలకే.

భీమవరం నర్సమ్మ:
తిండి సంగతి సరే, తినే జీవి లేకపోతే? నారు లేని మడికి నీరు పెడితే తుంగే మొలుస్తుంది. సహజ కాన్పులో తల్లి నుంచి బిడ్డకు చేరే బ్యాక్టీరియా ఆపరేషన్‌లో సరిగా అందదు. పైగా కోతకు ముందు తల్లికి యాంటీబయాటిక్ ఇస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 42 శాతం కాన్పులు ఆపరేషన్లే, అందుచేత ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో, మేలుచేసే బ్యాక్టీరియా అయిన లాక్టోబాసిలస్ ప్లాంటారమ్‌ను ఒక చక్కెరతో కలిపి వారం రోజులు పట్టగా, రక్తంలో ఇన్‌ఫెక్షన్, మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి. దీన్ని ఎలా తోసిపుచ్చుతారు?

కాకినాడ సూక్ష్మజీవి:
తోసిపుచ్చడం లేదు, అది గట్టి పరీక్షే. అయితే ఆ శిశువులు తల్లిపాలు తాగుతున్నవారు, 2 కిలోలు, ఆ పైన బరువున్నవారు. మందు మొదలైంది పుట్టిన తొలి రోజుల్లో. వాడింది ఒకే ఒక ఎంపికచేసిన రకం. షాపు సీసాలో ఉన్నది అదేనని ఎవరు చెప్పగలరు? ఇక మీ తుంగ పోలిక నాకు నచ్చింది కానీ, ఈ నీరు తుంగకు పెద్దగా అందదు: ఇ.కోలై (E. coli) వంటి బ్యాక్టీరియా చాలావరకు ఆ పాల చక్కెరలను విడగొట్టుకోలేవు. ఆపరేషన్ పిల్లలకూ సహజ కాన్పు పిల్లలకూ పేగు బ్యాక్టీరియాలో మొదట కనిపించే తేడా, అన్నం అలవాటు చేసే వయసుకు చాలావరకు తగ్గుతుందని 2019 నాటి బ్రిటన్ పరిశోధన చూపింది.

భీమవరం నర్సమ్మ:
తగ్గేలోపు గడిచే ఆ నెలల్లోనే కదా బిడ్డ రోగనిరోధక శక్తి దిద్దుకునేది? అక్కడ మీతో ఏకీభవించలేను. రకం విషయంలో మాత్రం మీ మాట నిజం. నెలలు నిండని పిల్లలకైతే డాక్టరు చెప్పనిదే చుక్కల జోలికి పోకూడదని నేనూ అంటాను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో దానిపై హెచ్చరించింది. తాతయ్య గారూ, సీసా మీద బ్యాక్టీరియా పేరు పక్కన రకం గుర్తుగా అక్షరాలో అంకెలో ఉన్నాయేమో చూడండి.

రాజోలు తాతయ్య:
కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివానమ్మా. పేరు ఉంది, పక్కన అంకె ఏదీ లేదు. సీసా ఫ్రిజ్ తలుపులోనే ఉంచాం, సోమవారం పిల్లల డాక్టరు గారికి చూపిస్తాం. వియ్యపురాలు గారు తేనె మానేశారు, సానరాయి మాత్రం ఇంకా పెరట్లోనే ఉంది.