తలంబ్రాల టైమ్‌కి లైవ్ గళ్లు గళ్లుగా అయిపోతోంది, ఏ సెట్టింగ్ మార్చాలి?

బ్రాడీపేట_స్టూడియో:
అన్నలూ, మొన్న పటమటలో ఒక పెళ్లి లైవ్ ఇచ్చాను. జీలకర్ర బెల్లం దాకా బొమ్మ అద్దంలా ఉంది. తలంబ్రాలు మొదలయ్యాయో లేదో, పెళ్లికూతురి మొహం గళ్లు గళ్లుగా చెదిరిపోయింది. ఆ వెంటనే బఫరింగ్. డాలస్ నుంచి వాళ్ల అన్నయ్య ఫోన్ చేసి "అక్కడ మా చెల్లి ఉందా, పసుపు డబ్బాలున్నాయా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.
లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో 1080పీ, సెకనుకి 60 ఫ్రేములు, ఎన్‌కోడర్ (వీడియోని కుదించేది) ఎక్స్264 మీడియం, బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) వీబీఆర్, అంటే అవసరాన్ని బట్టి మారేది, 8000 కేబీపీఎస్ పెట్టాను. నెట్ నా 5జీ డాంగిల్‌దే. ముందురోజు అక్కడే చూస్తే అప్‌లోడ్ 15 ఎంబీపీఎస్ వచ్చింది. బిట్‌రేట్ 12000 చేస్తే సరిపోతుందా? బుధవారం తెనాలిలో ఇంకో పెళ్లి ఉంది, టెన్షన్‌గా ఉంది.

లైవ్_కుర్రాడు:
ల్యాప్‌టాప్ మార్చెయ్ బ్రో.

గవర్నర్‌పేట_మిక్సింగ్:
12000 పెడితే జీలకర్ర బెల్లం కూడా వెళ్లదు తమ్ముడూ. ఎన్‌కోడర్ ముందు ఫ్రేముతో పోల్చుకుని, మారినంత వరకే పంపుతుంది. జీలకర్ర బెల్లం అప్పుడు ఇద్దరూ కదలకుండా కూర్చుంటారు, దానికి పెద్ద పనేం ఉండదు. తలంబ్రాల్లో ఒక్కో గింజ ఒక్కో దారిన ఎగురుతుంది. పైనుంచి పూలు, వెనక సీరియల్ లైట్లు. ఉన్న బిట్లన్నీ బియ్యానికే పోతే మొహానికి ఏం మిగులుతాయి?
పైగా వీబీఆర్ సరిగ్గా అప్పుడే ఎగబాకుతుంది. హాల్లో ఉన్న ఫోన్లన్నీ వీడియోలు పంపేదీ అప్పుడే. నువ్వు చూసిన 15 ఖాళీ హాలుది.
720పీ, 25 ఫ్రేములు, సీబీఆర్ (మారని బిట్‌రేట్) 3500, కీఫ్రేమ్ (బొమ్మ మొత్తం పంపే ఫ్రేము) 2 సెకన్లకోసారి పెట్టు. సెకనుకి చూస్తే నువ్వు పెట్టినదాంట్లో ఐదో వంతు పిక్సెళ్లు కూడా ఉండవు, కాబట్టి ఒక్కోదానికి ఎక్కువ బిట్లు దక్కుతాయి. కెమెరా షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, హాలు లైట్ల మినుకు తగ్గుతుంది. ఆ మినుకూ ఎన్‌కోడర్‌కి కదలికే. వెలుతురు కోసం కెమెరాలో గెయిన్ పెంచావంటే వచ్చే గ్రెయిన్ (బొమ్మ మీద చుక్కలు) కూడా అంతే, బిట్లు తినేస్తుంది. జనం నిండాక మళ్లీ స్పీడ్ చూడు, వచ్చినదాంట్లో సగం దాటకు. పార్టీ 1080 అడిగితే కెమెరా కార్డులో ఎలాగూ ఉంటుంది, ఇవ్వు.

టవర్_కింద:
ఓబీఎస్‌లో స్టాట్స్ తెరిచావా? ఫ్రేములు నెట్ వల్ల పోయాయా, ఎన్‌కోడింగ్ అందుకోలేక పోయాయా అన్నది అందులో విడివిడిగా ఉంటుంది. రెండోదైతే ఎక్స్264లో మీడియం తీసేసి, ల్యాప్‌టాప్‌కి పని తగ్గించే వెరీఫాస్ట్ పెట్టండి. అడ్వాన్స్‌డ్‌లో నెట్ తగ్గితే బిట్‌రేట్ దానంతటదే తగ్గించుకునే ఆప్షన్ కూడా ఉంది, టిక్ పెట్టండి.

బ్రాడీపేట_స్టూడియో:
తెనాలి అయిపోయింది గురువుగారూ. జనం నిండాక అప్‌లోడ్ 6 దాటలేదు! 3000కి దించాను. గింజలు మసకగానే ఉన్నాయి గానీ మొహాలు నిలబడ్డాయి, ఒక్క ఫోనూ రాలేదు. అప్పగింతల్లో మాత్రం డాంగిల్ ఛార్జింగ్ అయిపోయింది. దానికి ఓబీఎస్‌లో సెట్టింగ్ లేదనుకుంటా.